కీర్తి కోరే దాత: కడపలో ఒక సన్మానం వెనుక లెక్కలు

ముందు ఫ్లెక్సీ కట్టేశారు. తర్వాత నన్ను పిలిచారు. నా వృత్తిలో చాలా కేసులు ఇలాగే మొదలవుతాయి.

కడప ఏడురోడ్ల కూడలిలో ఆ ఫ్లెక్సీ నేను ఆటోలోంచి చూశాను. నవ్వుతూ చేతులు జోడించిన ఒక కేబుల్ నెట్‌వర్క్ యజమాని, వెనుక భూగోళం బొమ్మ, పైన 'రాయలసీమ టెడ్ టర్నర్‌కు పౌర సన్మానం' అన్న అక్షరాలు. టర్నర్ అంటే సీఎన్ఎన్ వార్తా చానల్ పెట్టిన అమెరికన్. ప్రపంచ మానవతావాది, పర్యావరణ ప్రేమికుడు, దానకర్ణుడు అని కింద మూడు బిరుదులు. మూడు రోజుల తర్వాత సన్మాన కమిటీ అధ్యక్షుడు ఫోన్ చేశారు. రిటైరైన హెడ్మాస్టర్ ఆయన. "అమ్మా, సన్మాన పత్రం నువ్వు రాయాల. పెద్దమనిషి పదకొండు చెరువులు బాగుచేయించినాడు. కువైట్ నుంచి అరవైమందిని తెప్పించినాడు. వాళ్ల మేనేజర్ లిస్టు పంపిస్తాడులే" అన్నారు.

స్వచ్ఛంద సంస్థలకు దాతల వ్యవహారాలు చూడడం నా పని. విరాళాల రసీదులు, వినియోగ నివేదికలు, దాతలకు ఉత్తరాలు, అప్పుడప్పుడు ఇలాంటి పత్రాలు. నేనొక షరతు పెట్టాను: లిస్టులో ఉన్న ప్రతి మాటనూ నేను పోయి చూసుకుంటాను, తేలినదే రాస్తాను. హెడ్మాస్టర్ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఫ్లెక్సీ కట్టేసినాం కదమ్మా" అన్నారు. కట్టింది ఫ్లెక్సీయే కదా సార్, రాతిమీద చెక్కలేదు కదా అన్నాను. ఆ రాయి అన్న మాటే తర్వాత మమ్మల్ని ఎంత దూరం తీసుకెళ్తుందో అప్పటికి తెలియదు.

షరతు పెట్టడానికి నాకో సొంత కారణం ఉంది. కొన్నేళ్ల కిందట ఇదే జిల్లాలో ఒక వేదికమీద ఒక దాత హాస్టల్ భవనానికి పెద్ద మొత్తం ప్రకటించారు. నేను రాసిన పత్రంలో 'ప్రకటించారు' అనడానికి బదులు 'ఇచ్చారు' అని పడింది. తప్పు నాదే. డబ్బు రాలేదు. పునాది తీసి వదిలేసిన గుంతల్లో రెండేళ్లు వాననీళ్లు నిలిచాయి. ఆ పత్రానికి కట్టిన ఫ్రేము మాత్రం ఇప్పటికీ ఆయన హాల్లో గోడకుంది.

మొదట టర్నర్ సంగతి తేల్చుకోవాలనుకున్నాను. పోలిక పెట్టినప్పుడు పోల్చినవాడి గురించి తెలియాలి కదా.

టెడ్ టర్నర్ 1938లో అమెరికాలోని సిన్సినాటిలో పుట్టాడు. తండ్రిది హోర్డింగుల వ్యాపారం. 1963లో ఆ తండ్రి ఆత్మహత్య చేసుకుంటే ఇరవై నాలుగేళ్ల కొడుకు వ్యాపారం మీద వేసుకున్నాడు. 1970లో అట్లాంటాలో నష్టాల్లో ఉన్న ఒక చిన్న టీవీ స్టేషన్ కొన్నాడు. 1976లో దాని ప్రసారాన్ని ఉపగ్రహం ఎక్కించి దేశమంతా కేబుల్ వాళ్లకు అందించాడు. 1980 జూన్ 1న సీఎన్ఎన్ మొదలుపెట్టాడు. ఇరవై నాలుగు గంటలూ వార్తలు ఎవరు చూస్తారని అప్పట్లో నవ్విన వాళ్లకు 1991 గల్ఫ్ యుద్ధం జవాబు చెప్పింది. 1996లో తన కంపెనీని టైమ్ వార్నర్‌లో కలిపేశాడు.

నాకు పనికొచ్చిన భాగం ఆ తర్వాతది. 1997 సెప్టెంబరు 18న న్యూయార్క్‌లో, ఐక్యరాజ్యసమితికి మద్దతుగా పనిచేసే ఒక అమెరికన్ సంఘం విందులో ఆయనకు సన్మానం. లేచి నిలబడి సమితి పనులకు వంద కోట్ల డాలర్లు ఇస్తానని ప్రకటించాడు. ఏడాదికి పది కోట్ల చొప్పున పదేళ్లు. అప్పటి మారకంలో మూడువేల ఆరువందల కోట్ల రూపాయల పైమాటే. గడిచిన తొమ్మిది నెలల్లో తన షేర్ల విలువ పెరిగింది దాదాపు అంతే, అది ఇచ్చేస్తే తొమ్మిది నెలల కిందట ఎంత ఉందో అంతే ఉంటుంది అన్నది ఆయన లెక్క. అంటే సన్మానం పుచ్చుకోవడానికి వెళ్లి, సన్మానం చేసిన వాళ్లే నోరు వెళ్లబెట్టేలా చేసి వచ్చాడు. మన దగ్గర శాలువా కప్పించుకుని 'మీ అభిమానానికి ఋణపడి ఉంటాను' అని కూర్చుంటారు.

చెప్పడం ఒక రాత్రి పని. ఇవ్వడం దగ్గర అసలు యాతన మొదలైంది. అప్పటికి అమెరికా ప్రభుత్వం సమితికి వంద కోట్ల డాలర్లకు పైగా చందా బకాయి ఉంది. ఒక వ్యక్తి తన డబ్బుతో ఒక దేశం బకాయి తీర్చడం కుదిరే పని కాదు. అందుకని 1998లో యునైటెడ్ నేషన్స్ ఫౌండేషన్ అనే విడి సంస్థ పెట్టారు. ఆ డబ్బు అందుకోవడానికి సమితి లోపల ఇంకో విభాగం పెట్టుకుంది. అంతలో ఇంకో దెబ్బ. 2001లో టైమ్ వార్నర్ ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీతో కలిసింది, షేరు కుప్పకూలింది, టర్నర్ సంపదలో ఎక్కువ భాగం ఆవిరైంది. పదేళ్ల వాయిదాలు పదేళ్లలో తీరలేదు. గడువు పొడిగించుకున్నాడు. మాట మాత్రం తప్పలేదు, మొత్తం చెల్లించాడు. ఆ ఫౌండేషన్ చేయి వేసిన పనుల్లో 2001 నాటి తట్టు నివారణ కార్యక్రమం, 2006లో ఆఫ్రికాకు దోమతెరలు పంపే ప్రచారం ఉన్నాయి.

పర్యావరణం వైపు చూస్తే 1990లో సొంత ఫౌండేషన్, అదే ఏడాది పిల్లల కోసం 'కెప్టెన్ ప్లానెట్' కార్టూన్, 1997లో అంతరించిపోతున్న జీవుల కోసం ఒక నిధి. దాదాపు ఇరవై లక్షల ఎకరాల భూమి కొని అందులో బైసన్ అనే అడవి దున్నల మందలు పెంచాడు. ప్రైవేటు మందల్లో ప్రపంచంలోనే పెద్దది ఆయనదే. 2001లో శామ్ నన్ అనే మాజీ సెనేటర్‌తో కలిసి అణ్వాయుధ ముప్పు మీద ఒక సంస్థ పెట్టాడు. మరుసటి ఏడాది బెల్‌గ్రేడ్ దగ్గరి విన్చా పరిశోధన కేంద్రం నుంచి బాంబుకు పనికొచ్చే యురేనియంను తరలించడానికి ప్రభుత్వాల దగ్గర వెంటనే దారి లేకపోతే, ఆ సంస్థ యాభై లక్షల డాలర్లు సర్దింది. నోటిదురుసు మనిషనీ పేరుంది. అది సన్మాన పత్రాల్లో రాయరు.

ఇంకొక్క సంగతి. ధనవంతుల జాబితాలు దానాన్ని చంపుతున్నాయని 1996లోనే ఆయన గొడవ చేశాడు. ఇస్తే జాబితాలో కిందికి జారిపోతామని కోటీశ్వరులు భయపడుతున్నారు, దాతలకు కూడా ఒక జాబితా వేయండి అన్నాడు. ఆ ఏడాదే ఒక అమెరికన్ ఆన్‌లైన్ పత్రిక అరవైమంది పెద్ద దాతల జాబితా మొదలుపెట్టింది. అంటే ఈయనకు కీర్తి అంటే మొహమాటం లేదు. కీర్తి కూడా ఒక పనిముట్టే అని ఒప్పుకున్నాడు.

ఇవన్నీ ఒక కాగితంమీద రాసుకుని, పక్కన మేనేజర్ పంపిన లిస్టు పెట్టుకుని, చెరువుల దారి పట్టాను.

లిస్టులో పదకొండు చెరువులు. బద్వేలు, పోరుమామిళ్ల వైపు ఎక్కువ. తోడు వస్తానని హెడ్మాస్టర్ తన పాత మారుతి తీశారు. చూడడం అంటే కట్టమీద నిలబడి ఫొటో తీసుకోవడం కాదు. జేసీబీ ఎన్ని గంటలు పనిచేసిందో డీజిల్ బిల్లులు కావాలి. ట్రాక్టర్ ట్రిప్పులకు ఇచ్చే చీటీలు కావాలి. పూడిక ఎవరి పొలానికి పోయిందో ఆ రైతు చెప్పాలి. ఉపాధి హామీ పనైతే పంచాయతీలో ఎం-బుక్ ఉంటుంది, అందులో కొలతలు ఉంటాయి. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల చిత్రాలు పక్కపక్కన పెట్టి చూస్తే చెరువులో పెరిగిన ముళ్లకంప ఎప్పుడు కొట్టారో తెలిసిపోతుంది. నీళ్ల విస్తీర్ణాన్ని మాత్రం ఆ చిత్రాలతో నమ్మకూడదు. మంచి వాన పడిన ఏడు ఏ చెరువైనా అందంగానే ఉంటుంది.

అయిదు చెరువుల్లో పని ఉపాధి హామీ కింద జరిగింది. కేబుల్ యజమాని కూలీలకు టెంటు వేయించి మజ్జిగ పోయించారు, తన చానల్లో చూపించారు. రెండు చోట్ల కొబ్బరికాయ కొట్టిన ఫొటోలు తప్ప ఏమీ లేదు. "ఆ పొద్దు జేసీబీ వచ్చిందిలే, మధ్యాన్నానికి పాయ" అని ఒక ముసలాయన చెప్పాడు. మిగిలిన నాలుగింట్లో మాత్రం పని గట్టిది. కంప వేళ్లతో సహా పెరికించారు, తూము బాగుచేయించారు, మరవ దగ్గర, అంటే నిండిన చెరువు నీళ్లు పొర్లిపోయే చోట, రాతికట్టు మళ్లీ కట్టించారు. బిల్లులన్నీ ఈయన పేరుమీదే.

ఆ నాలుగింటిలో ఒక ఊళ్లో ట్రిప్పుల చీటీలు లెక్కపెడుతుంటే ఏదో తేడా కొట్టింది. ఊళ్లో రైతులు తోలుకున్నామన్న ట్రిప్పులు, చీటీల్లో ఉన్న ట్రిప్పులు కలవలేదు. చాలా తక్కువ. మిగతా మన్ను ఎక్కడికి పోయిందని టీ అంగడిలో అడిగితే అందరూ గ్లాసుల్లోకి చూశారు. చివరికి టీ పోసే ఆవిడే "ఇటుక బట్టీలకు పాయె మేడమ్. మీకు తెల్దా?" అంది. ట్రాక్టర్ల కాంట్రాక్టు పట్టిన మనిషి చెరువు మన్ను బట్టీలకు అమ్ముకున్నాడు. దాతకు తెలిసి జరిగిందా, తెలియకనా అన్నది ఆ ఊళ్లో తేలే విషయం కాదు.

తిరుగు దారిలో హెడ్మాస్టర్ ఏమీ మాట్లాడలేదు. పోరుమామిళ్ల చేరాక కారు చెరువు కట్ట వైపు తిప్పారు. "నీకు ఒకటి చూపిస్తా రా" అన్నారు.

భైరవుడి గుడి దగ్గర రెండు పెద్ద రాతిపలకలు. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడని ఇంకో పేరు, 1369లో వేయించిన సంస్కృత శాసనం. ఈ చెరువు కట్టించింది ఆయనే. నా కంటికి అది సన్మాన పత్రమే, కాకపోతే లెక్కలతో కూడినది. రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్లు పట్టిందని చెక్కించాడు. కట్ట కొలతలు ఉన్నాయి. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు చెప్పాడు. గట్టి బంకమన్ను నేల, తీపినీళ్ల ఏరు, ఆనుకున్న కొండ, మరీ పొడవు కాని బలమైన రాతికట్ట, దగ్గర్లో రాయి దొరికే చోటు, పని తెలిసిన జనం ఇలా సాగుతుంది. దోషాల్లో మొదటిది కట్ట చెమ్మగిల్లడం. ఇంకొకటి రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండడం. ఆ రెండో దోషం చదివి పెన్నా, కృష్ణ జలాల పంచాయతీలు గుర్తొచ్చి నవ్వుకున్నాం.

హెడ్మాస్టర్ చూపించాలనుకున్నది పన్నెండు అంగాల్లో మొట్టమొదటిది. బంకమన్ను కాదు, నీళ్లు కాదు. ధర్మబుద్ధి, సంపద, సుఖం ఉండి, శాశ్వతమైన కీర్తి కోరుకునే రాజు. "చూడమ్మా, కీర్తి మీద ఆశను సిగ్గుపడకుండా చెప్పినాడు. మన్ను, రాయి, నీళ్లు ఎట్లో అదీ అట్లే ఒక సామాను అన్నాడు. మన కేబులాయనకు ఆ సామాను దండిగా ఉండాది. మిగతా పదకొండు నువ్వు చూడు" అన్నారు.

ఆ సాయంత్రం నుంచి ఈ కేసులో నా వైఖరి మారింది. అంతకుముందు నేను తప్పులు పట్టే పనిలో ఉన్నాను. ఇప్పుడు ఆయన ఆశను దేనికి కట్టాలి అన్నది ప్రశ్న.

కేబుల్ యజమానిని ఆఫీసులోనే కలిశాను. గదికి అవతల హెడ్‌ఎండ్, అంటే చానళ్లు పట్టి ఇళ్లకు పంపే యంత్రాల గది, అక్కడి ఏసీల మోత. గోడ పొడుగునా తిరిగొచ్చిన సెట్‌టాప్ బాక్సులు కుప్పగా ఉన్నాయి. ఫైబర్ ఇంటర్నెట్టూ ఫోనూ వచ్చాక కనెక్షన్లు తగ్గుతున్నాయని ఆయనే చెప్పారు. నా దగ్గరున్న కాగితాన్ని ఆయన ముందు పెట్టాను. పదకొండు కాదు సార్, నాలుగు అన్నాను. బట్టీల సంగతీ చెప్పాను.

ముఖం ఎర్రబడింది. "ఎవరు చెప్పినారు?" అన్నారు. పేర్లు చెప్పను అన్నాను. కాంట్రాక్టరుకు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, నా ఎదుటే మాట్లాడారు. అవతలి మనిషి రెండు నిమిషాలు బుకాయించి, తర్వాత "అన్నా, డీజిల్ గిట్టుబాటు కాలేదు" అన్నాడు. అది చాలు. ఈయనకు తెలియదన్నది నాకు నమ్మకం కుదిరింది. తెలుసుకోవాల్సింది కదా అన్నది వేరే మాట. అదీ చెప్పాను.

తర్వాత కువైట్. రాయచోటి, రాజంపేట చుట్టుపక్కల ఊళ్లలో కువైట్ పోని ఇల్లు తక్కువ. ఖద్దామాగా ఇళ్లలో పనికి పోయిన ఆడవాళ్లు, అకామా, అంటే అక్కడ ఉండే అనుమతి, అయిపోయినవాళ్లు, యజమాని పాస్‌పోర్టు అట్టిపెట్టుకుంటే పారిపోయి వచ్చి దాక్కున్నవాళ్లు. 2018 మొదట్లో అక్కడి ప్రభుత్వం ఆమ్నెస్టీ ప్రకటించి, అకామా లేనివాళ్లు జరిమానా కట్టకుండా వెళ్లిపోవచ్చంది. అప్పుడు చాలామందికి టికెట్టు డబ్బులే లేవు. ఈయన చానల్లో రోజూ స్క్రోల్ వేసి చందాలు పట్టారు. లిస్టులో అరవైమంది అని ఉంది. టికెట్ల కాగితాలు ఇరవైమూడు దొరికాయి.

"సార్, ఈ ఇరవైమూడింటిలో మీ జేబులోంచి ఎన్ని, ప్రేక్షకులు ఇచ్చిన డబ్బుతో ఎన్ని?"

ఈ ప్రశ్న ఎవరూ అడిగినట్టు లేరు. అకౌంటెంటును పిలిచారు. తొమ్మిది ఆయన సొంతం, పద్నాలుగు చందాలవి. మీడియావాళ్లను సన్మానించేటప్పుడు ఈ తేడా చూడకపోతే పత్రం మొత్తం అబద్ధమవుతుంది. టర్నర్ ఇచ్చింది తన సొంత సంపదలోంచి ఇచ్చింది. 1977 దివిసీమ ఉప్పెన నాటి నుంచి తెలుగు పత్రికలు నడిపిన సహాయనిధులు పాఠకుల డబ్బు. రెండూ గొప్పవే, రెండూ ఒకటి కావు. సేకరించినవాడికి దక్కేది నమ్మకం నిలబెట్టుకున్న ఘనత, ఇచ్చినవాడి ఘనత కాదు.

అప్పుడు టర్నర్ మాట ఎత్తాను. ఆ పేరు ఫ్లెక్సీమీద ఎవరు పెట్టారు సార్ అని అడిగాను. మేనేజర్ పెట్టి ఉంటాడనుకున్నాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "నేనే" అన్నారు.

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్ మీద పడినప్పుడు వాళ్ల అన్న అక్కడ డ్రైవరు. నెలన్నర పాటు కబురు లేదు. దూరదర్శన్ వార్తల్లో రెండు నిమిషాలు చెప్పేవారు. మద్రాసులో పెద్ద హోటల్లో పనిచేసే దూరపు బంధువొకడు అక్కడ డిష్‌లో అమెరికా చానల్ వస్తుందని, అందులో రోజంతా అదే చూపిస్తున్నారని ఉత్తరం రాశాడు. వాళ్ల నాయన మద్రాసు పోయి, ఆ హోటల్ వంటింటి పక్కన నిలబడి, ఇంగ్లీషు రాకపోయినా రెండు రోజులు ఆ తెర చూసి వచ్చాడు. అన్న జోర్డాన్‌లోని అమ్మాన్ దాకా బస్సులో పోయి, మన ప్రభుత్వం లక్షమందికి పైగా జనాన్ని తెప్పించిన విమానాల్లో ఒకదాంట్లో బొంబాయి దిగాడు. ఆ అన్న తెచ్చుకున్న కొద్ది డబ్బుతోనే 1992లో మిద్దెమీద డిష్ పెట్టారు. "స్తంభాలెక్కి వైరు లాగినోణ్ని మేడమ్. నాకు అన్నం పెట్టిన చెట్టు ఆయన నాటిందే" అన్నారు.

లిస్టులో ఈ సంగతి లేదు. పదకొండు చెరువుల అబద్ధం ఉంది, ఇది లేదు. దాతలతో ఇన్నేళ్లు పనిచేసి నేను చూసింది ఇదే. చెప్పుకోదగినది వాళ్లకు మామూలు విషయంగా కనిపిస్తుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. 2015 నేపాల్ భూకంపానికి పంపిన డబ్బుకు రసీదు ఉంది, మన దేశంలోనే ఉన్న ఒక సహాయ సంస్థ ద్వారా పోయింది, సరిపోయింది. లక్ష మొక్కలు అన్న మాట కొట్టేశాను. నాటిన మొక్కల లెక్క నాకెందుకు, రెండో ఎండాకాలం దాటినవి చెప్పండి అంటే చెరువు కట్టల కింద కానుగలు కొన్ని వందలు తేలాయి. మేకలకు మన పత్రాలతో పనిలేదు. కువైట్‌లోని ఒక తెలుగు సంఘం కార్యక్రమ ఖర్చు పంపుతామంది. వద్దన్నాం. కమిటీకి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ లేదు. విదేశంలో రిజిస్టరైన సంఘం నుంచి తీసుకుంటే అది విదేశీ విరాళమే. అక్కడ పనిచేసే మన పాస్‌పోర్టు ఉన్న మనిషి తన జీతంలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. ఈ తేడా తెలియక ఇబ్బంది పడిన చిన్న సంస్థలను నేను చూశాను.

కమిటీలో పెద్ద గొడవ మాత్రం వేరే విషయం మీద వచ్చింది. కువైట్ నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లను వేదికెక్కించి, దాతకు పాదాభివందనం చేయించాలని ఒక సభ్యుడి ఆలోచన. జనం కన్నీళ్లు పెట్టుకుంటారట. నేను ఒప్పుకోలేదు. ఆ ఆడవాళ్లలో ఒకామె తాను అక్కడ ఏం పడిందో అత్తగారింట్లో కూడా చెప్పుకోలేదు. ఆమె ముఖం కేబుల్ టీవీలో వేస్తే ఆ ఇంట్లో ఆమె బతుకు ఏమవుతుంది? "మేలు పొందినోళ్లు కృతజ్ఞత చెప్పకూడదామ్మా?" అని సభ్యుడు వాదించాడు. చెప్పాలనిపిస్తే ఆమే చెబుతుంది, ఇంట్లో చెబుతుంది, మనకు ప్రోగ్రాం షీటులో చోటు అక్కర్లేదు అన్నాను. ఓటింగు దాకా పోయింది. ఒక్క ఓటు తేడాతో నెగ్గాను. ఆ ఒక్కటీ హెడ్మాస్టరుది.

పత్రం రెండు పేజీల నుంచి ఒక పేజీకి వచ్చింది. దానకర్ణుడు పోయాడు. భూగోళం బొమ్మా పోయింది. నాలుగు చెరువుల పేర్లు, ఒక్కొక్కదానిలో జేసీబీ గంటలు, బాగైన తూములు, రైతుల పొలాలకు పోయిన ట్రిప్పులు రాశాను. ఒక చెరువు దగ్గర 'కొంత మన్ను ఇతర అవసరాలకు మళ్లింది, దాని విలువను దాత ఆ ఊరి చెరువు ఖాతాకు జమ చేశారు' అని ఒక వాక్యం. ఈ వాక్యం ఆయనతోనే ఒప్పించాను. నాలుగు రోజులు పట్టింది. మొదటి రోజు లేచి వెళ్లిపోయారు. నాలుగో రోజు జమ చేసిన చలానా ఫొటో వాట్సాప్‌లో పంపారు, కింద ఒక్క మాట కూడా లేదు. కువైట్ టికెట్లు 'సొంతంగా తొమ్మిది, ప్రేక్షకుల చందాలతో పద్నాలుగు' అని రాశాను. మొదట్లో అన్నగారి కథ నాలుగు వాక్యాలు, టర్నర్ పేరు అక్కడ ఒక్కసారే.

సన్మానం కార్తీకమాసంలో జరిగింది. ఆయన చానల్లోనే లైవ్ ఇవ్వాలా వద్దా అన్నది ఇంకో తగువు. తన చానల్లో తన సన్మానం తానే చూపించుకోవడం బాగుండదని నేను, చూపించకపోతే జనం రారని వాళ్లు. చివరికి 'ఈ కార్యక్రమం మా సంస్థ యజమాని సన్మానానికి సంబంధించినది' అని కింద స్క్రోల్ వేసి ఇచ్చారు. చదివినవాళ్లు ఎంతమందో తెలియదు, వేయించాననే తృప్తి నాకు మిగిలింది. ముందువరుస కుర్చీల కోసం ఇద్దరు నాయకుల అనుచరులు కలబడ్డారు. అది ఈ కేసులో భాగం కాదు.

అసలు విషయం ముందు రోజు రాత్రి జరిగింది. ఆయనకు నేను టర్నర్ విందు సంగతి చెప్పాను. సన్మానం రోజే కొత్త మాట ఇచ్చాడని, షేర్లు పడిపోయినా గడువు పెంచుకుని తీర్చాడని. కొత్త చెరువు వద్దు సార్, ఉన్న నాలుగింటినీ పదేళ్లు చూసుకుంటానని చెప్పండి అన్నాను. పూడిక తీయడానికి దాతలు దొరుకుతారు. ఏటా కంప కొట్టడానికి, తూముకు గ్రీజు పెట్టడానికి, కట్టమీద ఎలుకబొక్కలు పూడ్చడానికి ఎవరూ దొరకరు. ఫొటో రాని పని అది. పోరుమామిళ్ల చెరువు ఆరున్నర శతాబ్దాలు నిలిచిందంటే ఎవరో ఒకరు ఏటా ఆ పని చేస్తూ వచ్చారనే అర్థం.

వేదికమీద ఆయన రాసుకొచ్చిన ప్రసంగం పక్కన పెట్టి, "నాలుగు చెరువులూ పదేండ్లు నావి" అన్నారు. చప్పట్లు మామూలుగానే పడ్డాయి. కొత్తగా లక్షలు ప్రకటిస్తాడని ఎదురుచూసినవాళ్లకు కొంచెం నిరాశ. శాలువా కప్పేలోపే హెడ్మాస్టర్ ఒప్పందం కాగితం ముందు పెట్టారు. ఏడాదికి ఎంత, ఏ నెలలో, ఏ ఖాతాకు, ఎవరు ఖర్చు చేస్తారు, లెక్క ఎప్పుడు చదువుతారు. సంతకం చేశారు. ఈసారి 'ఇచ్చారు' అనే మాట ఎక్కడా పడకుండా నేను మూడుసార్లు చదివాను.

ఒప్పందం ప్రకారం ప్రతి చెరువు మరవ దగ్గర ఒక రాతిపలక పెట్టాం. దాత పేరు పెద్ద అక్షరాల్లోనే చెక్కించాం, ఆయన అడక్కముందే. దాని కింద పదేళ్ల వాయిదాలు గళ్లుగా, డబ్బు వచ్చాక పెయింటుతో టిక్కు కొట్టేలా.

మొదటి వాయిదా ఉగాదికి వచ్చింది. టిక్కు పెట్టాం. ఏడాది చివర కట్టమీద కూర్చుని లెక్క చదివాం. ఒక రైతు లేచి కంప కొట్టిన కూలీలు పన్నెండు మంది కాదు, పదిమందే అన్నాడు. మస్టరు తీసి చూస్తే అతనే కరెక్టు. ఇద్దరి కూలి వెనక్కి వచ్చింది.

రెండో వాయిదా నెల దాటినా రాలేదు. నేను ఫోన్ చేయాలా వద్దా అని మూడు రోజులు తటపటాయించాను. నాలుగో రోజు ఆయనే చేశారు. కనెక్షన్లు ఇంకా పడిపోయాయి, రెండు హెడ్‌ఎండ్‌లు మూసేశాను అన్నారు. ఆగి, "టర్నరుకు టైమ్ ఇచ్చినారు గదా మేడమ్. నాకూ దీపావళి దాకా ఇయ్యండి" అన్నారు.

కమిటీ ఒప్పుకుంది. నాలుగు పలకలమీదా ఆ గడిలో ఉగాది అన్న మాట కొట్టేసి పక్కన దీపావళి అని రాయమని పెయింటరును పంపాం. దాత పేరు పక్కనే కొట్టివేత ఉంటే బాగుంటుందా అని అతను హెడ్మాస్టరును అడిగాడట. "కనపడేటట్లే కొట్టెయ్యి" అన్నారట ఆయన.